తొట్టిలో తల ముంచిన తాతగారు

కుర్రతనంలో లోకమంతా మన వంటింట్లాగే ఉంటుందనుకుంటాం. నేను మరీ గట్టిగా అనుకునేవాణ్ణి. తొమ్మిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టాను కదా, కాదని చెప్పేవాళ్లు లేకపోయారు. (చెప్పినవాళ్లున్నారు, నేనే వినలేదు.) మిరప కళ్లంలో కాయలు తిరగేస్తూ తుమ్ముతున్న నన్ను, గుంటూరులో ప్రకటనల వీడియోలు తీసే మా మేనమామ తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

అప్పుడే ఒక మిల్లాయన తన వెల్లుల్లి కారానికి ప్రకటన కావాలన్నాడు. నేను ఎక్కడో చూసిన పాత విదేశీ మూకీ సినిమా ముక్క ఒకటి వేసి చూపించాను. అందులో బుర్ర మీసాల లావుపాటాయన ఏదో మింగి, కళ్లు తేలేసి, పరిగెత్తుకెళ్లి గుర్రాలు నీళ్లు తాగే తొట్టిలో తల ముంచేస్తాడు. ఆ వెంటనే మన కారం డబ్బా! మిల్లాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇదే కావాలి. కానీ ఊరికే వాడేస్తే రేపు నామీద కేసేస్తారు. అనుమతి తెండి, లేదంటే విజయవాడ వాళ్లకి ఇచ్చుకుంటా" అన్నాడు. ఆయన వెళ్లగానే మామయ్య నావైపు తిరిగాడు. "తెస్తే కుర్చీ నీది. తేలేదనుకో, మళ్లీ కళ్లమే!"

బడిలో ఇంగ్లీషు చెప్పే అత్తయ్య చేత ఆ సినిమా హక్కులున్న కంపెనీకి మెయిలు రాయించాను. ఎన్ని సెకన్లు, ఏ టీవీలో, ఎన్నాళ్లు అంటూ పెళ్లివారికన్నా ఎక్కువ ఆరా తీసి, వ్యాపార ప్రకటన కాబట్టి ఆ నటుడి మనవడు కూడా ఒప్పుకోవాలన్నారు. ఆ మనవడిదొక పట్టుదల. తాత ఎన్నడూ తాను తినని వస్తువుని మెచ్చుకోలేదట, ఆయన బదులు తను తిని చూస్తాడట. మిల్లాయన దొర నోరు కదా అని జాలిపడి, మావైపు పాలు మానిన పిల్లలకి పెట్టేంత చప్పగా ఆడించి మరీ పంపాడు. (మా లెక్కలో అది మిఠాయి.)

వీడియో కాల్‌లో మామయ్య, అత్తయ్య, నేను తలలు ఆనించి కూర్చున్నాం. మనవడు నవ్వుతూ మూత తీశాడు. చెంచా నిండా తీశాడు. అత్తయ్య "నో, నో" అనేలోపే జామ్ తిన్నట్టు నోట్లో పెట్టేసుకున్నాడు.

"ఏరా, అన్నంలో కలుపుకోవాలని చెప్పలేదా?" అన్నాడు మామయ్య.

"అది కూడా చెప్పాలా మామయ్యా?"

తెరమీద కళ్లు తేలాయి, మనిషి లేచాడు, పరిగెత్తాడు. అచ్చం తాతే! ఇక ఖాళీ కుర్చీ, ఎక్కడో నీళ్ల చప్పుడు.

"పోయాడ్రా."

"కుళాయి మోగుతోందిగా, బతికే ఉన్నాడు."

"వాడు కాదురా, మనం!"

నాకు అప్పుడే ముక్కులో కళ్లం ఘాటు తగిలింది.

ఎంతసేపటికో జుట్టులోంచి నీళ్లు కారుతూ, ముక్కు ఎర్రగా మనవడు తిరిగొచ్చాడు. అతనన్నది అత్తయ్య నవ్వాపుకుంటూ తెలుగులో చెప్పింది. "ఇన్నేళ్లూ వాళ్ల తాత అతిగా నటించాడనుకున్నాట్ట. పాపం, తక్కువే చేశాడంటున్నాడు. వాడుకోమంటున్నాడ్రా! కాకపోతే ప్రకటన చివర్లోనూ, డబ్బామీదా అన్నంలో కలుపుకు తినమని రాయాలిట."

మామయ్య వదిలిన ఊపిరికి బల్లమీది కాగితాలు లేచాయి. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

ఆ మాట ఇప్పటికీ ఆ డబ్బామీద ఉంది. ఈమధ్య డాక్టరు నన్ను కారం తగ్గించమన్నాడు. చిటికెడు వేసుకోబోతుంటే మా ఆవిడ "ముందు నెయ్యి కలుపుకోండి" అంటుంది. అది కూడా చెప్పాలా అనబోతాను. తొట్టిలోని తాతగారు గుర్తొచ్చి, నవ్వుకుంటూ నెయ్యి గిన్నె దగ్గరికి లాక్కుంటాను.