స్కోరు చూడకుండా వచ్చేసిన మాస్టారు

మలయ్ దేశంలో, సుంగై పెటాని పట్నంలో మా ఫ్లాటు కింద, సిమెంటు నేల మీద సాయంత్రమైతే పిల్లలు బంతి కొడతారు. ధబ్, ధబ్, ధబ్. మా ఆవిడ కిటికీ మూస్తుంది, నేను తెరుస్తాను. ఈ పంచాయితీ రోజూ ఉన్నదే. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నాకు సింహాచలం మాస్టారి గొంతు వినిపిస్తుంది: "బంతిని బాదకురా, దానితోటి మాటాడు!"

మీరాయన్ని చూడలేదు. చూసినా బాస్కెట్‌బాల్ కోచ్ అనుకోరు. నిక్కరు మోకాళ్ల కిందికి, మనిషి నా భుజం దాకా. సుంగై సుమున్ రబ్బరు ఎస్టేటులో పుట్టి, చీనావాళ్ల కొట్ల వెనక కోర్టులో ఆట నేర్చుకొని, మా కాలేజీలో అసిస్టెంట్ కోచ్ అయ్యాడు. అసలు కోచ్ ఒక తెల్లదొర. ఆయన పని ఫోటో రోజున మధ్యలో కూర్చోవడం. నేను ఆరో క్లాసుతో చదువుకు దండం పెట్టి ఆ కాలేజీ లారీ తోలేవాణ్ణి. "కాలేజీలో ఎన్నేళ్లున్నావు?" అని ఎవరైనా అడిగితే "పదకొండేళ్లు" అని నిజమే చెబుతాను.

అవి ఇక్కడ తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు బియ్యం చేరకూడదని సర్కారు చీనావాళ్లను ముళ్లకంచెల ఊళ్లలో పెట్టింది. సాయంత్రం ఆరుకు గేటు మూత. బయట మిగిలినవాడు పోలీసు స్టేషనుకు, వాడి ఇంటివాళ్లు అనుమానపు జాబితాలోకి. మా జట్టులో అందరికంటే బాగా ఆడే లిమ్ అలాంటి ఊరివాడే. అందుకే ఐదుంబావుకి నా లారీ కదలాల్సిందే, బంతి గాలిలో ఉన్నా సరే. "బంతి దానంతటదే దిగుతాది. గేటు దానంతటదే తెరుసుకోదు" అనేవాడు మాస్టారు.

మెర్దెకాకు, అంటే ఈ దేశానికి స్వతంత్రం రావడానికి, ముందు ఏడాది ఫైనల్ వచ్చింది. దొర తన దేశానికి వెళ్లిపోతున్నాడు. కప్పు గెలిస్తే ఆయన పదవి మాస్టారిదేనని ప్రిన్సిపాల్ అందరి ముందూ అన్నాడు. మాస్టారి భార్య ఆయనకు కొత్త చొక్కా కుట్టించింది. తీరా ఆ రోజు వాన పడి ఆట గంట ఆలస్యమైంది. ఐదుంబావయ్యేసరికి ఇంకా ఏడు నిమిషాల ఆట ఉంది, మేం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం.

మాస్టారు లిమ్‌ను బయటికి పిలిచాడు.

"ఏటి సేస్తన్నారు మాస్టారూ? ఏడు నిమిషాలే లా! నా లారీని గాల్లో ఎగరేసుకొని పోతాను" అన్నాను, మాట చివర ఇక్కడివాళ్లలాగే "లా" తగిలించి.

"నీ లారీ గుట్ట ఎక్కాలంటే మనం దిగి తొయ్యాల. ఎగురుతాదేటిరా అప్పన్నా? బండి తియ్యి."

"అయితే మీరుండిపోండి. నానొక్కణ్ణే దింపేసి వస్తాను."

"నీ మొకం సూసి గేటు తీస్తారేటి? ఉన్న తాళానికి ఇంకో తాళం ఏస్తారు."

లిమ్ మలయ్‌లో బతిమాలాడు. ఏమైనా అయితే తానే పడతానన్నాడు. మాస్టారు కూడా మలయ్‌లోనే, "నువ్వు పడతావు సరే, మీ అమ్మ కూడా పడాలి కదా" అని తువ్వాలు వాడి మెడలో వేశాడు. జట్టును దొరకు అప్పజెప్పి లారీ ఎక్కేశాడు.

గుట్ట దగ్గర లారీ నిజంగానే ఆగింది. మాస్టారు కొత్త చొక్కాతోనే దిగి, లిమ్‌తో కలిసి తోశాడు.

మేం చేరేసరికి గేటు ఒక రెక్క మూసేశారు. కాపలా ఉన్న మలయ్ మనిషి చెమటతో, బురదతో ఉన్న లిమ్‌ను చూసి తుపాకి అడ్డం పెట్టాడు. లారీలో పడి ఉన్న బంతిని నొక్కి చూశాడు. అప్పట్లో సైకిలు ట్యూబుల్లో కూడా బియ్యం దాచేవారు మరి. మాస్టారు బంతి తీసుకొని రోడ్డు మీద కొట్టి చూపించాడు.

"బియ్యమైతే ఇలా ఎగురుతుందా?"

కాపలావాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఎవరు గెలిచారు మాస్టారూ?"

"తెలీదు."

"తెలీకుండానే వచ్చేశారా?"

"వీణ్ణి దింపాలి కదా."

లిమ్ లోపలికి వెళ్లాడు. కంచె అవతల వాళ్లమ్మ వాడి చెవి పట్టుకొని మెలితిప్పడం చూశాకే మాస్టారు లారీ ఎక్కాడు. ఎక్కి, పొట్ట పట్టుకొని నవ్వాడు.

మేం తిరిగొచ్చేసరికి కోర్టు ఖాళీ. ఒక్క పాయింటుతో గెలిచామని ఊడ్చే ఆవిడ చెప్పింది. కప్పుతో దొరకు ఫోటో కూడా తీసేశారట! ఆ తర్వాత ప్రిన్సిపాల్, ఆట మధ్యలో జట్టును వదిలేసిన మనిషికి పదవి ఇవ్వలేనని చెప్పి పెనాంగ్ నుంచి ఇంకొకరిని తెచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎల్లి అడగండి మాస్టారూ!"

"ఏటడగాల? ఒగ్గీసి ఎల్లినాను, అబద్ధమేటి?"

ఆయన ఉద్యోగం వదిలేనాటికి హెడ్ కోచ్‌లు నలుగురు మారారు. నలుగురికీ పిల్లల పేర్లు చెప్పింది ఈయనే.

మెర్దెకా వచ్చిన కొన్ని నెలలకు ఆ గేటు ఎత్తేశారు. ఆ సాయంత్రం అలవాటు కొద్దీ ఐదుంబావుకి లారీ స్టార్టు చేశాను. మాస్టారు చెయ్యి ఊపాడు.

"ఆపీరా. ఇయ్యాల్నుంచి గేటు టైం లేదు."

లిమ్ నమ్మలేక బంతి పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. మాస్టారు చప్పట్లు కొట్టి "ఆడండ్రా!" అని అరిచాడు. వెలుతురు పోయేదాకా ఆడారు. అది ఉత్త ప్రాక్టీసే. మాస్టారు మాత్రం బెంచి చివర కూర్చొని, ఫైనల్ చూస్తున్నట్టు ఆఖరి బంతి దాకా చూశాడు.

తర్వాత నేను ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీ బస్సు తోలాను. ఏ అమ్మాయిని దించినా, ఇంటి తలుపు తెరుచుకొని ఆమె లోపలికి వెళ్లేదాకా బస్సు కదిలించేవాణ్ణి కాదు. "అంకుల్, లేటైపోతంది లా!" అని వెనక సీట్ల నుంచి అరిచేవారు. అవుతుంది మరి.