అన్నయ్య పేరు చదివిన రోజు

ఆ ఏడు ఈస్టరు వెళ్ళిన మరుసటి ఆదివారం అన్నయ్య స్నేహితులతో వాడరేవు వెళ్ళి సముద్రంలో దిగాడు. కూడా దిగిన ముగ్గురూ ఒడ్డుకొచ్చారు, తను రాలేదు. అన్నయ్యకప్పుడు ఇరవై ఏళ్ళు, నాకు పదిహేను. జాలర్లు నాలుగు రోజులు పడవల మీద వెతికారు. ఇసుకలో విప్పి పెట్టిన చొక్కా ఇంటికి తెచ్చుకున్నాం, అంతే.

అమ్మ ఏడవలేదు. ఏ ఊరి ఒడ్డుకో కొట్టుకుపోయి ఉంటాడనీ, పేరు చెప్పలేని స్థితిలో ఏ ఆసుపత్రిలోనో ఉండి ఉంటాడనీ అనేది. రోజూ అన్నయ్య కంచంలో అన్నం పెట్టి మూత వేసేది. పొద్దున్నే ఆ చద్దన్నం తనే తినేది.

నవంబరులో ఆత్మల పండుగ వచ్చింది. ఆ రోజు మా క్యాథలిక్కులం సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. పూజ కూడా సమాధుల తోటలోనే. చనిపోయినవాళ్ళ పేర్లు ఫాదర్ గారు ఒక్కొక్కటే చదువుతారు. ఆ పేర్లు రాసుకోవడానికి వారం ముందే గుడిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి ఇంటింటికీ వచ్చాడు. మా గుమ్మంలో నిలబడి "అబ్బాయి పేరు..." అన్నాడో లేదో, అమ్మ చేతిలో చేట విసిరికొట్టింది.

"రాయి చూద్దాం! చెయ్యి విరిచేస్తా."

ఆయన పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు చేలో పత్తి తీస్తుంటే నాన్న నా దగ్గరికొచ్చాడు. నాన్నకు చదువు రాదు.

"అమ్మాయ్, అన్నయ్య పేరు కాయితం మీద రాసివ్వు. మీ అమ్మకు జడిసి ఉపదేశి తను రాయనన్నాడు, కాయితం ఇచ్చొస్తా."

"అమ్మకు తెలిస్తే?"

"ఎవరూ ప్రార్థన చెయ్యకపోతే మోక్షానికి పోకుండా, పాపాలు పోయిందాకా ఉంచే ఆ ఉత్తరించు స్థలంలోనే పడుంటాడే. సమాధి ఎటూ లేకపోయె. పేరన్నా..."

నడుముకు కట్టుకున్న పత్తి సంచిలో మొహం దాచుకుని ఏడ్చాడు. నేను రాసిచ్చాను.

పండుగ నాడు అమ్మ మా అమ్మమ్మ సమాధి దగ్గర మోకరించి ఉంది. అన్నయ్య పేరు వినపడగానే లేచి నిలబడింది.

"ఆపండి ఫాదర్ గారూ! నా కొడుకు చచ్చాడని మీకెవరు చెప్పారు?"

ఫాదర్ గారు కాయితం దించారు. జనమంతా మా వైపు తిరిగారు. నాన్న తల ఎత్తలేదు.

"నేనే రాశానమ్మా," అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి నడిచింది. వెనకే పరిగెత్తాను. చీరాల బస్సెక్కింది. నేనూ ఎక్కాను. పర్చూరు దాటి, చీరాలలో దిగి వాడరేవుకు ఆటో ఎక్కింది.

వాడరేవులో తిన్నగా నీళ్ళలోకి దిగింది. నడుము దాకా వెళ్ళి, అన్నయ్యను పేరు పెట్టి పిలిచింది. "రారా! నువ్వు పోయావంటన్నారు, వచ్చి చెప్పరా!" నేను కొంగు పట్టుకుని లాగుతున్నాను, నా వల్ల కావడం లేదు. చేపలు ఎండబెడుతున్న ఒక ముసలామె పరుగున వచ్చి అమ్మ నడుం పట్టుకుంది. ఇద్దరం కలిసి ఒడ్డుకు ఈడ్చాం.

"మా ఆయనా ఇందులోనే ఉన్నాడమ్మా," అంది ఆమె రొప్పుతూ. "పిలిస్తే వచ్చేటట్టయితే నేను పిలవనా?"

అమ్మ ఆమె ఒళ్ళో పడి అరిచింది. ఏడు నెలల తర్వాత మొదటిసారి ఏడ్చింది. ఇప్పటికైనా నమ్మిందనుకున్నాను. అది నా పొరపాటు. బస్సులో తడిచీరతో వణుకుతూ, "వాడికి ఈత వచ్చు," అంది.

ఆ తర్వాత క్రిస్మసు దాకా నాతో మాట్లాడలేదు. సమాధుల తోటలో మళ్ళీ అడుగు పెట్టలేదు. మూడేళ్ళకు నాన్న పోతే, పెట్టె వెంట గేటు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని, "రా అమ్మా, నాన్న మీద మట్టి వెయ్యాలి," అన్నాను.

"నువ్వెళ్ళు. నేను లోపలికొస్తే వాడు పోయాడని ఒప్పుకున్నట్టే," అంది.

అమ్మ వంతు మట్టి కూడా నేనే వేశాను.