వెనక్కి కట్టుకున్న చేతులు

మా కాలేజీ ఊళ్ళో, పూరీ గేటు అనే చోట రైల్వే క్వార్టర్లో ఉండే ఒక తెలుగు ఫిట్టర్‌ని మావయ్యా అని పిలిచేవాణ్ణి. దూరం నుంచి వచ్చి చదువుకుంటున్నానని ప్రతి ఆదివారం భోజనానికి రమ్మనేవారు. మిషన్ ఆన్ చేశాక చేతులు వెనక్కి కట్టుకోవడం వర్క్‌షాపు ఆయనకు నేర్పిన అలవాటు. ఇంట్లో మిక్సీ తిరుగుతున్నా అంతే.

తొంభైల చివర్లో, విండోస్ బదులు లైనక్స్ వేసుకున్న నా పాత ల్యాప్‌టాప్ మూత వేస్తే చాలు, బిగుసుకుపోయేది. మిషన్‌ని నిద్రలేపే బయాస్ అనే లోపలి ప్రోగ్రామ్‌ని మార్చాలన్నారు తెలిసినవాళ్ళు. మధ్యలో కరెంటు పోతే మిషన్ ఇక లేవదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, థీసిస్ గడువు దగ్గరపడింది.

"రైల్వే కరెంటు పోదు. మా ఇంటికి అట్టుకొచ్చీ," అన్నారు మావయ్య.

ఫ్లాపీ పెట్టి మొదలుపెట్టాను. తెర మీద అంకెలు సగంలో ఆగిపోయాయి. పది నిమిషాలైనా కదల్లేదు. ఆపేద్దామని స్విచ్ మీదికి చెయ్యి పోయింది.

"ఏటి సేస్తన్నావు? సేతులు ఎనక్కెట్టు. దాని పని దాన్ని సేసుకోనీ."

పెట్టాను. కాసేపటికి అంకెలు కదిలాయి, పని పూర్తయింది. లైనక్స్ వచ్చాక మూత వేసి తీస్తే తెర వెలిగింది. సంతోషంగా తిరిగి చూశాను. మావయ్య వెనకున్న బీరువా అద్దంలో ఆయన చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఇంకా వణుకుతున్నాయి.

ఉన్న కాస్త ధైర్యాన్నీ నాకే ఇచ్చేశారు.