మునిగిన బెండు ఊసెత్తకూడదు

గాలం వేసేవాళ్లలో ఒక మర్యాద ఉంది. పక్కవాడి బెండు కళ్లముందే మునిగినా, మునిగిందని వాడికి చెప్పకూడదు. బెండు అంటే దారానికి కట్టి నీళ్ల మీద తేలనిచ్చే చిన్న ముక్క. కింద చేప ఎర కొరికితే పైన అది బుడుంగున మునుగుతుంది. ఆ క్షణంలో కర్ర ఎత్తితే చేప మనది, లేకపోతే ఎర దానిది.

ఈ మర్యాద సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. పక్కింటావిడ పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ ఊరుకుంటామా? గోడ మీంచి ఒక్క కేక వెయ్యమూ?

"పాలు వేరు, చేప వేరు," అన్నారు మా ఆయన. "నీ బెండు నువ్వు చూసుకోలేవని నలుగురిలో అన్నట్టు అవుతుంది. తలకాయ తీసేసినట్టు ఉంటుంది ఆ మనిషికి."

వెనకెప్పుడో ఒకాయన పొరపాటున లెక్కల మాస్టారితో "మాస్టారూ, మీ బెండు" అన్నాడట. అంతే. మాస్టారు కర్ర సర్దుకుని వెళ్లి ఆ వేసవంతా చెరువు మొహం చూడలేదట. ఆ మాట అన్న మనిషి కూడా సిగ్గుపడి ఎదుటి గట్టుకి మారిపోయాడట. మగవాళ్ల పౌరుషాలు ఇలాగే ఉంటాయి. చెప్పేవాళ్లు లేక కాదు, చెప్పించుకునే మొహాలు లేక.

మా ఆయన బోర్డులు రాసే పెయింటరు. మా బజారులో మందుల షాపు, బేకరీ, సైకిళ్ల కొట్టు, పళ్ల డాక్టరు, ఏ గుమ్మం మీద చూసినా ఆయన అక్షరాలే. అచ్చు యంత్రాలు వచ్చి చాలామంది కుంచెలు మూలన పడేసినా, ఆయన చేతి రాతే కావాలని వచ్చేవాళ్లకి కొదవ లేదు. ముందు గదిలో బల్ల మీద రేకు పడుకోబెట్టి, ఎడమ చేత్తో ఒక కర్ర పట్టుకుని, దానిమీద కుడి మణికట్టు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి గీత లాగేవారు. ఆ సమయంలో ఇంట్లో గిన్నె చప్పుడైనా సహించరు. నా నోట్లో నువ్వుగింజ నానదు, ఆయనకేమో మాటలు పొదుపు. పెళ్లయిన కొత్తలో ఎలా వేగుతానురా భగవంతుడా అనుకున్నాను. వేగాను. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని.

ఆయనకున్న సరదా అల్లా చెరువు ఒక్కటే. తెల్లవారుజామున మంచు నీళ్ల మీద పడుకుని ఉండగానే వెళ్లి తన చోట కూర్చునేవారు. వంగిన చెట్టు మొదట్లో ఒక చదునైన రాయి, అదే ఆయన చోటు. దాని మీద ఎవరి పేరూ రాసి లేదు, అయినా ఇంకొకరు కూర్చోరు. కుడివైపు టైలరు, ఎడమవైపు లెక్కల మాస్టారు, ఆ తర్వాత వరసగా మిగతావాళ్లు. ఎన్ని పడ్డాయని అడగరు. నీళ్ల మీద నీడ పడకుండా వెనక నుంచే నడుస్తారు. ఎవరికైనా చేప చిక్కితే, దారాలు మెలిపడకుండా అటూ ఇటూ ఉన్నవాళ్లు అడగకుండానే తమ దారాలు చుట్టేసుకుని దారి ఇస్తారు. ఇళ్లలో అన్నదమ్ములకి కూడా ఇంత పొందిక ఉండదు. ఇన్నేళ్లుగా పక్కపక్కన కూర్చున్నా మా ఆయనకి టైలరు గారి పిల్లలెంతమందో తెలియదు, టైలరు గారికి మా వీధి తెలియదు. అయినా స్నేహితులేనట.

అలాంటి మనిషికి కళ్లు పోవడం మొదలైంది.

మొదట బేకరీ బోర్డు మీద తెలిసింది. అక్షరం మీద అక్షరం ఎక్కింది. బేకరీ అతను మొహమాటపడి ఏమీ అనకుండా తగిలించుకున్నాడు. నేనే చూసి ఇంటికొచ్చి చెప్పాను. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. కళ్ల డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. చూపు అంచులు బాగానే ఉన్నాయట, నడిమధ్య మచ్చ పడిందట. అది పెరుగుతుందే తప్ప తగ్గదట.

ఆస్పత్రి మెట్ల మీద నిలబడి నా వైపు చూస్తూ ఆయన అన్నారు, "గమ్మత్తుగా ఉందే. నీ చెవి కమ్మ కనిపిస్తోంది, భుజం కనిపిస్తోంది, వెనక రిక్షాలు కనిపిస్తున్నాయి. నీ మొహమే లేదు."

నాకు ప్రాణం ఉసూరుమంది. ఏమనాలో తెలియక "మంచిదే అయింది, ముడతలు కనపడవు" అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

కుంచెలు కడిగి డబ్బాలో పెట్టేశారు. పెట్టేసి ఒక్కటే మాట చెప్పారు. "చెరువు దగ్గర ఎవరికీ తెలియకూడదు. తెలిసిందంటే నేనిక అటు వెళ్లను." నేను తలూపాను. నా తల ఊపు కనిపించలేదని గుర్తొచ్చి "సరే" అన్నాను.

ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. గట్టు జారుడుగా ఉంటుంది. నా మోకాళ్లకి పొద్దుటి నడక మంచిదని డాక్టరు చెప్పాడని ఒక అబద్ధం ఆడాను. "వస్తే రా, నోరు మెదపకూడదు" అన్నారు. అలా బుట్టలో బఠానీకాయలు వేసుకుని, నోటికి తాళం వేసుకుని, ఆయన వెనక ఒక చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాను.

నిజం చెప్పొద్దూ, ఆ గట్టు మీద పొద్దులు నాకు నచ్చాయి. మంచులో నీళ్లేవో ఆకాశమేదో తెలిసేది కాదు. కర్రలు పట్టుకున్న మనుషులు గాల్లో కూర్చున్నట్టు ఉండేవారు. ఎక్కడో ఒక పక్షి నీళ్లని తాకి లేచేది, ఆ వలయాలు మెల్లగా మా దాకా వచ్చి రాయి దగ్గర ఆగిపోయేవి. కాయ ఒలుస్తూ ఒలుస్తూ నేను ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చేది. ఈ మనిషి ఇన్నేళ్లూ పొద్దున్నే ఎక్కడికి పోయేవారో అప్పుడు తెలిసింది. అక్కడే ఇద్దరం కూర్చుని ముసలివాళ్లమైపోతే చాలు, ఇంకేమీ వద్దు అనిపించేది.

కానీ ఆయన ఎర్ర బెండు మునిగేది. నేను చూసేదాన్ని. ఆయన నేరుగా దానివైపే చూస్తూ ఉండేవారు, అందుకే ఆయనకి అది కనిపించేది కాదు. చూసిన చోటే మచ్చ. మా చెరువు చేపలు మహా నాజూకు, ఎర తీసుకుంటే చేతిలో కర్ర అదరను కూడా అదరదు. ముందు కొన్నాళ్లు తల పక్కకి తిప్పి ఓర చూపుతో పట్టేవారు, తర్వాత అదీ కుదరలేదు. బెండు మునిగేది, కాసేపటికి తేలేది. ఆయన దారం లాగి, ఖాళీ గాలం తడిమి చూసుకుని, "నానిపోయి రాలిందేమో" అని గొణుక్కుని మళ్లీ ఎర గుచ్చేవారు. నేను పళ్లు బిగబట్టి కూర్చునేదాన్ని. చెబితే టైలరు వింటాడు, మాస్టారు వింటారు, ఈయన ఆ రోజుతో ఇంట్లో కూర్చుంటారు. ఇంట్లో కూర్చుంటే ఏమవుతారో నాకు తెలుసు. కుంచెలు పెట్టేసిన నెలలో చూశాను. గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని లేపడం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఒకరోజు ఇంటికి వస్తూ దారిలో అన్నారు. "ఈ ఏడు చేపలు నా వైపు రావడం మానేశాయే. ఆ చోట ఇక ఏమీ లేదు. ఈ వారం చూసి కర్రలు ఎవరికైనా ఇచ్చేస్తాను."

చేపలు రావడం మానలేదయ్యా మహానుభావా, రోజూ వచ్చి నువ్వు ఎరగా గుచ్చిన పిండి తిని పోతున్నాయి అని గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

ఆ వారం చివర్లో ఒక పొద్దున మంచు మరీ దట్టంగా ఉంది. బెండు ఒకసారి వణికి మునిగింది. నా వేలికింద బఠానీకాయ నలిగిపోయింది. అప్పుడు కుడివైపు నుంచి కిర్రుమని చప్పుడు. టైలరు తన దారం చుట్టేస్తున్నాడు. అతని బెండు కదలనే లేదు, నేను చూశాను. ఆ వెంటనే ఎడమవైపు మాస్టారు చుట్టడం మొదలుపెట్టారు. ఆయన పక్కన ఇంకొకరు. మంచులో కనిపించని వాళ్లు కూడా, ఒకరి తర్వాత ఒకరు. గట్టు పొడుగునా దారం చుట్టే రీళ్లు కిర్రుకిర్రుమని తిరిగి ఆగిపోయాయి. నీళ్లలో మా ఆయన దారం ఒక్కటే మిగిలింది.

"ఎవరికి పడింది?" అన్నారు మా ఆయన మెల్లగా.

చేప చిక్కినవాడు "నాకే" అనాలి, అది అక్కడి పద్ధతి. ఎవరూ అనలేదు. ఆయన చెవి అటు తిప్పారు, ఇటు తిప్పారు. తర్వాత తన దారం మీద వేలు పెట్టి చూసుకుని, కర్ర ఎత్తారు. కర్ర విల్లులా వంగింది. ఎన్నాళ్లకో ఆ చేతులు ఒక పని చేస్తుంటే చూశాను. అదే ఓపిక, గీత లాగేటప్పటి ఓపిక. చేప ఒడ్డుకి వచ్చాక టైలరు లేచి వల పట్టి ఎత్తి, బుట్టలో వేసి, తన చోటుకి వెళ్లి కూర్చున్నాడు. అందరూ మళ్లీ గాలాలు విసిరారు.

నాకు ఏడుపు వచ్చింది. నేనొక్కదాన్నే గుట్టు మోస్తున్నాననుకున్నాను. వరసంతా మోస్తోంది.

ఆయన సంతోషపడతారనుకున్నాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, కుర్చీలో కూర్చుని అన్నారు. "నేను కర్ర ఎత్తకముందే చుట్టేశారు. అంటే వాళ్లకి నా బెండు కనిపించింది. నాకు కనిపించదనీ తెలుసు."

"తెలిస్తే?"

"జాలిపడ్డారే. అంతమంది కూర్చుని నామీద జాలిపడ్డారు. ఇక అక్కడ ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

ఇన్నాళ్లు బిగబట్టింది తెగింది. "అవును, పడ్డారు. పడరా? నేనూ పడుతున్నాను. నా మొగుడివి, నీమీద కాకపోతే ఎవరిమీద పడతాను? రోజూ ఆ బెండు మునుగుతుంటే నోరు నొక్కుకుని కూర్చున్నాను, మీ మర్యాద తగలెయ్య. వాళ్లకి నువ్వు కావాలి కాబట్టి దారాలు తీసుకున్నారు. చెబితే నువ్వు రావని భయపడ్డారు, నాలాగే. వెళ్తావో మానతావో నీ ఇష్టం. గోడవైపు తిరిగి మాత్రం పడుకోకు. అది నేను చూడలేను."

ఏకవచనంలోకి దిగిపోయానని తర్వాత తెలిసింది. ఆ చేపని ఇద్దరం తినలేక పక్కింటికి పంపించాం.

మర్నాడు లేచే వేళ దాటినా ఆయన కదల్లేదు. కిటికీ బయట మసక వెలుతురు మెల్లగా పలచబడుతోంది. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. అయిపోయింది, ఇక వెళ్లరు అనుకున్నాను. అప్పుడు మంచం కిర్రుమంది. ఎర డబ్బా మూత చప్పుడు వినిపించింది. చీర సరిచేసుకుని, ఏమీ అడక్కుండా వెంట నడిచాను.

మేము ఆలస్యంగా వెళ్లాం. అందరూ అప్పటికే కూర్చున్నారు. రాయి ఖాళీగానే ఉంది. ఆయన కూర్చోలేదు. నిలబడి, ఎటు చూడాలో తెలియక నీళ్లవైపే చూస్తూ అన్నారు.

"నాకు బెండు కనపడటం లేదండీ. కొన్నాళ్లయింది. మునిగితే ఎవరైనా ఒక మాట చెప్పండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అలాగేనండీ," అన్నారు, నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే. టైలరు కాస్త జరిగి ఆయన బుట్టకి చోటిచ్చాడు.

గాలం వేశారు. ఇక ఆ రోజు చేపలకి ఏమైందో, ఎంతసేపటికీ ఒక్కటీ రాలేదు. మంచు విడిపోయింది. ఎండ నీళ్ల మీద పాకి మా కాళ్ల దాకా వచ్చింది. ఎవరి గాలం వాళ్లు మరిచిపోయి, వరస వరసంతా మా ఎర్ర బెండునే చూస్తోంది. నాకు నిద్రలో ఉన్నట్టుగా ఉంది. ఎంతసేపు గడిచిందో నేను చెప్పలేను.

"మునిగింది."

అందరూ ఒక్కసారే అన్నారు. గట్టిగా కాదు, మామూలు గొంతులతోనే. టైలరు, మాస్టారు, అటుపక్కవాళ్లు, ఇటుపక్కవాళ్లు. ఆ చివర రెల్లు పొదల అవతల కూర్చునే ఆయనకి మా బెండు కనిపించే అవకాశమే లేదు, ఆయన కూడా అన్నాడు. నేను మాత్రం అనలేదు. నేను బెండు చూడటం లేదు, మా ఆయన మొహం చూస్తున్నాను.

ఆయన కర్ర ఎత్తడం మరిచిపోయారు. కళ్ల నిండా నీళ్లతో అలాగే కూర్చుండిపోయారు. ఎత్తేసరికి గాలం ఖాళీగా వచ్చింది.

"పోయింది," అన్నారు నాతో. "ఇంకో ఎర ఇవ్వు."