మూరెడు దాటిన కత్తి

మా నాయనకు కత్తులంటే పిచ్చి. రాచర్ల దగ్గర మా ఊళ్లో గొర్రెలున్న ప్రతి ఇంట్లోనూ వేటకత్తి ఉండేది. కానీ దానికి ఆముదం రాసి, పాత పంచెలో చుట్టి, బిడ్డను పండబెట్టినట్టు పండబెట్టే మనిషి ఈయనొక్కడే. కాదు, ఇంకొకడున్నాడు. మా మామ, అమ్మకు తమ్ముడు. వాళ్లిద్దరూ కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్నారంటే పొద్దు తెలిసేది కాదు. ఇంట్లో సంగటి చల్లారిపోయేది, అమ్మకు ఒళ్లు మండిపోయేది.

తెల్లదొరల కాలమది. గిద్దలూరు సంతకు పోయినవాళ్లు ఒక మాట మోసుకొచ్చారు. మూరెడు దాటిన కత్తికి లైసెన్సు ఉండాలని చట్టం చేయబోతున్నారట, లేనివాళ్లు స్టేషనులో అప్పజెప్పాలట.

"ఎవరి మూర? దొరదా, నాదా?" అని నాయన ఎగిరినాడు. "నల్లమల నుంచి చిరుత దిగితే, లైసెన్సు చూపిస్తే పోతాదా?"

నోటితో అంత మాటన్నాడే గానీ, ఆ రోజే కత్తిని దూలం మీది నుంచి దించి జొన్నల గాదెలో దాచాడు. అమ్మవారి కొలుపులో మొదటి పొట్టేలును ఒక్క వేటుకు కొట్టే హక్కు ఆయనది. రెండో వేటు పడిందా, ఆ హక్కూ ఆ కత్తీ తర్వాతివాడికి పోతాయి. ఊళ్లో మా నాయనకున్న మర్యాదంతా అదే.

ఇక గడప తొక్కిన ప్రతివాడి మీదా అనుమానమే. మునసబు మనిషి మంచినీళ్లడిగితే, తాగుతూ కళ్లెటు తిప్పుతున్నాడో చూసేవాడు. ఆ బుద్ధి నాకూ అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

అట్లాంటప్పుడు మామ వచ్చి కత్తి చూపించమన్నాడు. నాయన తీసిచ్చి పక్కనే నిలబడ్డాడు. మామ కత్తి పక్కన ముంజేయి ఆనించి, మోచేతి నుంచి వేలి కొస దాకా కొలుచుకొని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

"ఎందుకు కొలిచినాడు?" రోజంతా నాయనది ఆ ఒక్క మాటే. "మునసబు చెవిన వేసేదానికే."

"నా తమ్ముడు అట్లాంటోడు కాదు," అంది అమ్మ.

"తమ్ముడు నీకు. కత్తి నాది."

మరునాడే కొలిమికి పోయి కత్తి కొనను నాలుగు వేళ్ల మేర కోయించాడు. కమ్మరి వద్దనే అన్నాడు. వేటకత్తికి బరువంతా కొనలోనే ఉంటుంది. అది నాయనకు తెలియక కాదు, బామ్మర్ది మీది అనుమానం ముందు ఆ తెలివి నిలబడలేదు. మొండిగా మిగిలిన కత్తిని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

కొలుపు నాడు పొట్టేలు రెండో వేటుకు గానీ తెగలేదు. నాయన కత్తిని అక్కడే వదిలేసి తలవంచుకొని ఇంటికొచ్చాడు. తర్వాతి వరుస మామది, హక్కు ఆయనకు పోయింది. మిగతా పొట్టేళ్లన్నీ ఆయనే కొట్టాడు, తన పొడుగాటి కత్తితోనే, ఒక్కోటి ఒక్క వేటుకు. మునసబు నిలబడి చూశాడు గానీ ఏమీ అనలేదు. చట్టం మా ఊరికి రానే లేదు. ఆ పుకారు పుట్టించింది కూడా మామేనేమోనని నాకు పళ్లు కొరికేంత కోపం వచ్చింది.

సాయంత్రం మామ, ఆచారం ప్రకారం తనదైపోయిన నాయన కత్తిని తిరిగిచ్చేందుకు మా ఇంటికొచ్చాడు. మాలో కత్తిని చేతిలోంచి చేతికివ్వరు, పగ పుడుతుందని. ఒకరు నేలమీద పెడితే ఇంకొకరు తీసుకోవాలి. మామ గడప ముందు పెట్టాడు. నాయన మంచం దిగలేదు.

"ఎందుకు కొలిచినావురా?"

"నాకూ భయమే బావా. రెండూ ఒక్క కొలతకు కొట్టించినవే, నీది మూరెడు దాటితే నాదీ దాటినట్టే కదా అని చూసుకున్నా. కోయిద్దామని నేనూ కొలిమి దాకా పోయినా."

"మరి కోయించలేదేం?"

"చేతులు రాలేదు బావా."

ఆ మాట నిజమో కాదో నాకు ఈనాటికీ తేలలేదు. నాయన మాత్రం నమ్మాడు. నమ్మి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మామ వెళ్లిపోయాడు. అమ్మ బయటికొచ్చి, ఆడవాళ్లు ముట్టకూడని ఆ కత్తిని చేతికి తీసుకుంది. "ఈ ఇంట్లో దీనికున్న మర్యాద మనిషికి లేకపాయ," అంటూ పొయ్యిలోకి కంప కొట్టేందుకు దొడ్లోకి నడిచింది. తుమ్మకంప ఒక్కో వేటుకు తెగుతుంటే, నాయన ప్రతి చప్పుడూ వింటూ అట్లనే పడుకున్నాడు.