అమ్మకున్న ఒక్క కంటికి తగిన బుగ్గ

నాకు కోపం తొందరగా వస్తుంది. భయం అంతకంటే తొందరగా వస్తుంది. బయటికి కోపమే కనబడుతుంది కాబట్టి బడిలో పిల్లలు, ఇంట్లో మా ఆయన నన్ను గట్టిదాన్ననుకుంటారు. పాన్‌గల్ దగ్గర ఒక హైస్కూల్లో చాలా ఏళ్లుగా సైన్సు చెబుతున్నాను. కాంతి పాఠం పుస్తకం చూడకుండా చెప్పగలను. అంత చదువూ పెట్టుకుని మా అమ్మ కన్ను పోగొట్టబోయాను.

అమ్మ వనపర్తిలో మాతోనే ఉంటుంది. నీటికాసుల జబ్బుతో ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి చూపుంది గానీ సన్నవి ఆనవు. ఫోన్లో బొమ్మ ఆమెకు ఒట్టి వెలుగు మచ్చ. టీవీ ముందు కూర్చుంటే మాటలు వింటుంది, అంతే.

మా మేనమామ గద్వాల దగ్గర పల్లెలో ఉండేవాడు. వీధి భాగవతాల్లో వేషాలు కట్టేవాడు. నిరుడు పోయాడు. పోవడానికి కొన్ని నెలల ముందు ఆడిన ఆటను ఊళ్లో ఎవరో ఫోన్లో తీశారు. దినాలన్నీ అయ్యాక అమ్మ నాతో మెల్లగా చెప్పింది. "ఆఖరి సూపుకు పోతె జనం అడ్డముండిరి బిడ్డా. ఎలుగు గుడ లేకుండె. మా అన్న మొకం నాకు ఆననే లేదు. అందరు ఏడుస్తుంటె నేను గుడ ఏడ్చిన." ఆ వీడియోను గోడంత చేసి చూపిస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను.

"తయారుగ ఉన్నది కొనుక్కొస్తే అయిపోతది గద" అన్నాడు మా ఆయన. అయిపోతుంది. కానీ టీచర్ల శిక్షణలో పాత మానిటర్‌తో ప్రొజెక్టర్ చేయడం చూసి వచ్చానాయె, ఆ గొప్ప నెత్తికెక్కి ఉంది. మానిటర్ విప్పి వెనక ఉండే లైట్ల పలక పీకేస్తే అద్దంలాంటి పల్చటి తెర మిగులుతుంది. బొమ్మ దాని మీద ఆడుతుంది. వెనక నుంచి గట్టి వెలుగు వేసి, ముందు పెద్ద భూతద్దం పెడితే ఆ బొమ్మ గోడ మీద పడుతుంది. ప్లైవుడ్ పెట్టె వడ్రంగి చేసిచ్చాడు. ఇక కావాల్సింది బుగ్గ. మా వైపు బల్బును బుగ్గ అంటాం. పేరు ముద్దుగానే ఉంటుంది. ఈ పనిలో ప్రాణం తీసేది మాత్రం అదే. వెలుగు చాలకపోతే గోడ మీద ఏమీ కనబడదు, ఎక్కువైతే వేడికి పెట్టే అంటుకుంటుంది.

మొదట హాలోజన్ పెట్టాను, పెళ్లిళ్లలో వీడియో తీసేవాళ్లు వాడేది. ఐదు నిమిషాలు గడవకముందే బొమ్మ నడిమధ్యలో నల్లటి మచ్చ లేచింది. ప్లాస్టిక్ కమురు వాసన. ప్లగ్గు పీకి బయటికి పరుగెత్తాను. మా ఆయన వరండాలో కూర్చుని, "టీచరమ్మ, ఇల్లు ఉంచుతవా, కాలవెడ్తవా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది. చల్లారాక తెర మీద మచ్చ పోయింది గానీ, అప్పుడే మానేసి ఉంటే బాగుండేది.

మరునాడు టెంట్ హౌస్ భాయ్ దగ్గరికి వెళ్లాను. పెళ్లి పందిళ్లకు ఎత్తున కట్టే ఫోకస్ లైటు ఒకటి ఆయన దగ్గర మూలన పడి ఉంది. పెద్ద గాజు బుడ్డి, దాని లోపల వేలంత చిన్న గొట్టం. వెలుగంతా ఆ గొట్టంలోనే పుడుతుంది. హాలోజన్ కంటే వేడి తక్కువ, వెలుగు ఎన్నో రెట్లు.

"మంచిగుంది గని నా పెట్టెల పట్టదు భాయ్" అన్నాను.

"పై బుడ్డి తీసేస్తే పడ్తది టీచరమ్మా. గాలికి పలిగినవి మేము గట్లనే వాడుకుంటం. ఇంకింత ఎలుగిస్తది గుడ. గని జర పైలం. దాని మొకం జూడొద్దు, వెల్డింగు లెక్క కండ్లు గుంజుతయి. మేమంటే గుంజల మీద ఎత్తుల కడ్తం, మాకేం గాదు."

నాకు తెలియదా? ఆ వెలుగులో అతినీలలోహిత కిరణాలుంటాయనీ, వాటిని ఆపేది ఆ పై గాజేననీ నేనే ఏటా బోర్డు మీద రాస్తాను. అన్నీ లెక్క వేసుకున్నాను. బుగ్గకూ తెరకూ మధ్య కిటికీ అద్దం ముక్క పెట్టాను. పక్కలకు ప్లైవుడ్ ఉంది. వెనక వైపు మాత్రం వేడి పోవడానికి తెరిచి, చిన్న ఫ్యాను బిగించాను. అందరూ గోడ వైపు కదా చూసేది, పెట్టె వెనక ఎవరు చూస్తారు అనుకున్నాను. నా తెలివి అక్కడి దాకానే పోయింది.

మా ఇళ్లలో దీపం వెలిగితే పెద్దవాళ్లు దానికి దండం పెట్టుకుంటారు. నూనె దీపమైనా, స్విచ్చు వేస్తే వెలిగే బుగ్గయినా ఒకటే. సాయంత్రం లైటు వేయగానే అమ్మ చేస్తున్న పని ఆపి, అటు తిరిగి, వెలుగును నిండా చూసి చేతులు జోడిస్తుంది. నేను పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్నదే. చూసి చూసి అది నా లెక్కలోకే రాలేదు.

ఆదివారం పొద్దున పది గంటలకు, పల్లికాయ మీద కప్పే నల్ల టార్పాలిన్ పట్టాతో సామాన్ల గది కిటికీ మూసి చీకటి చేశాను. అమ్మను పిలిచి స్విచ్చు వేశాను. ఆ బుగ్గ ఒకేసారి వెలగదు. మొదట గులాబీ రంగు, తర్వాత నీలం, ఆ తర్వాత తెలుపు, అట్లా నిండుగా వెలగడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. నేను ముందు వైపు వంగి భూతద్దం జరుపుకుంటూ గోడనే చూస్తున్నాను. మేనమామ కిరీటం గోడ మీద తేటపడింది. "అమ్మా, కనబడుతుందా?" అన్నాను. ఇంకాస్త సరిచేసి మళ్లీ అడిగాను. అప్పుడు వెనక్కి తిరిగాను.

అమ్మ పెట్టె వెనక నిలబడి ఉంది. మూరెడు దూరంలో, చేతులు జోడించి, తెరిచి ఉన్న ఆ బుగ్గ ముఖంలోకి చూస్తూ. ముఖమంతా నీలంగా వెలుగుతోంది.

నేను అరిచిన అరుపుకు ఆమె ఉలిక్కిపడింది. స్విచ్చు ఆపి, పట్టా లాగి పారేశాను. "ఎంతసేపటి సంది జూస్తున్నవమ్మా?"

"నువ్వు ఎలిగించినకాడి సంది. ఎంత మంచి ఎలుగు బిడ్డా! గింత ఎలుగు నా కంటికి ఆని ఎన్నేండ్లాయె. దండం పెట్టుకోవద్దా?"

అప్పటికి ఆమెకు ఏ నొప్పీ లేదు. నా భయమంతా అక్కడే ఉంది. ఈ దెబ్బ వెంటనే తెలియదు, కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. అన్నం తిని, వక్క నములుతూ, ఆ ఎలుగు ఎంత తెల్లగుండెనో అంటూ ఆమె కబుర్లు చెబుతోంది. ఏమీ కాకపోవచ్చన్న ఆశతో నేను గడియారం చూస్తూ, ఆమె కన్ను చూస్తూ, మళ్లీ గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడు దాటాక కన్ను నలుపుకుంది. "ఏందో, కంట్ల ఇసుక పడ్డట్టున్నది" అంది. నాలుగున్నరకు కన్ను ఎర్రటి గడ్డయింది. తెరవలేక, నీళ్లు ధారగా కారుతుంటే కొంగుతో అదిమిపట్టుకుని, "మంట, మంట" అంటూ ముడుచుకుపోయింది.

మా ఆయనే ఆటో తెచ్చాడు. ఊళ్లో కంటి డాక్టర్ ఇల్లు, దవాఖాన ఒకే చోట. ఆదివారమైనా తలుపు తీశాడు. నొప్పి తగ్గే చుక్కలు వేసి, కంట్లో పసుపు రంగు మందు వేసి, నీలం లైటుతో చూశాడు.

"ఇంట్ల వెల్డింగ్ చేసిండ్రా?"

జరిగింది చెప్పాను.

"మీరు ఏం చేస్తరు మేడం?"

"టీచర్ని సార్."

"ఏం సబ్జెక్టు?"

చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కన్ను పైపొర కాలిందనీ, వెల్డింగ్ చేసేవాళ్లకైతే రెండు రోజుల్లో మానుతుందనీ చెప్పాడు. "కానీ ఈమెకు ఉన్నది ఈ ఒక్క కన్నే. అది కూడా బలహీనంగా ఉంది. లోపల ఏమైనా అయిందా అన్నది ఇప్పుడే చెప్పలేను. ఎల్లుండి తీసుకుని రండి." మందు రాసి కంటికి కట్టు కట్టాడు. మా అమ్మకు లోకం మొత్తం మూసేశారు.

మరునాడు బడికి సెలవు పెట్టాను. చేసింది నేను. ఇంకెవరినైనా అనడానికి లేదు. అమ్మకు ఈ రెండు రోజుల చీకటే శాశ్వతమైతే నేను ఏం చెప్పుకోను? పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను. మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే వెనక అడుగుల చప్పుడయింది. అమ్మ మంచం దిగి, గోడను తాకకుండా, చేతులు చాపకుండా, తలుపు దగ్గర కాస్త పక్కకు తిరిగి, నేరుగా నీళ్ల బిందె దగ్గరికి వచ్చి గ్లాసు ముంచుకుంది. ఒక్క చుక్క కింద పడలేదు.

"గట్ల ఎట్ల నడుస్తున్నవమ్మా? కట్టు జారిందా?"

"జారలె. అలవాటు చేసుకున్న." నీళ్లు తాగి గ్లాసు బోర్లించింది. "ఒకటి పోయినంక రెండోది ఉంటదని ఏం నమ్మకం? మీరు ఇల్లు ఇడిచి పోంగనె కండ్లు మూసుకొని తిరుగుతుంట. మొదట్ల మోకాళ్లు శాన పగిలినయి. ఇప్పుడు తెలుస్తది. నువ్వు పరేషాన్ గాకు."

పరేషాన్ కాకూడదట! ఇంట్లో ఎవరూ లేనప్పుడు గుడ్డితనం నేర్చుకుంటూ తిరిగిందట, మాకు ఒక్క మాట చెప్పకుండా. అప్పట్లో మోకాలి మీద దెబ్బలేమిటని అడిగితే మంచం తగిలిందని చెప్పింది. నేను చెయ్యి కడుక్కోకుండానే, సబ్బు నురగతోనే ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె నా వీపు నిమురుతూ నిలబడింది. ధైర్యం రాలేదు సరికదా, నా భయం రెండింతలైంది.

రెండో రోజు డాక్టర్ కట్టు విప్పాడు. ఆయన రెండు వేళ్లు చూపించి, "ఎన్ని పెద్దమ్మా?" అన్నాడు. అమ్మ రెప్పలు కొట్టింది. చాలాసేపు చూసింది. "రెండు" అంది. మునుపు ఎంత చూపుందో అంత ఉందనీ, ఇకముందు జాగ్రత్త అనీ చెప్పి పంపాడు.

ఆ బుగ్గను గుడ్డలో చుట్టి భాయ్‌కి ఇచ్చేశాను, ఎవరూ వాడొద్దని మరీ మరీ చెప్పి. పెట్టెను అటక మీద పడేయబోతుంటే అమ్మ పట్టుకుంది. "మా అన్నను జూపిస్తనంటివి. కన్ను ఉన్నప్పుడే జూపియ్యి."

ఎట్లా కాదంటాను? ఈసారి ఎల్‌ఈడీ తెచ్చాను, వీధి లైట్లలో పెట్టే పసుపు బిళ్ల. దానిలో కంటిని కాల్చే ఆ కిరణాలు దాదాపు ఉండవు. వెలుగు ఆ ఫోకస్ లైటులో నాలుగో వంతు కూడా లేదు, పోనీ అనుకున్నాను. దాని వెనక దళసరి అల్యూమినియం దిమ్మ, ఫ్యాను బిగించాను. పెట్టె వెనక భాగం మూసేసి, గాలి పోయే దారికి లోపల అడ్డు చెక్కలు వేశాను, గాలి పోవాలి గానీ వెలుగు రాకూడదు. బడి ల్యాబు థర్మామీటర్ తెర దగ్గర కట్టి, అమ్మను మా ఆయనతో బయట కూర్చోబెట్టి, రెండు గంటలు వెలిగించి చూశాను. ప్రతి పది నిమిషాలకు పెట్టె చుట్టూ తిరిగి ఎక్కడైనా వెలుగు సందు ఉందా అని చూశాను. చిన్న మేకు రంధ్రం కనబడితే నల్ల టేపు మూడు వరసలు అంటించాను. మా ఆయన ఈసారి నవ్వలేదు. ఆయనా వచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టి వేడి చూసిపోయాడు.

బుగ్గ వెలిగాకే అమ్మను లోపలికి తెచ్చి, గోడకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. బొమ్మ వెలిసిపోయినట్టుగా ఉంది. కానీ మేనమామ ముఖం తలుపంత పెద్దది. నోరు తెరిచి పాడుతున్నాడు. నేను గోడను కాదు, అమ్మనే చూస్తున్నాను. అప్పుడు కుడి కంటి నుంచి నీళ్లు దిగాయి. మొదట ఒక చుక్క, వెంటనే ధార.

ఎగిరి దూకి ప్లగ్గు పీకేశాను. గది చీకటైంది.

"ఏమైందే?" అంది అమ్మ.

"కన్ను... కంట్లకెల్లి నీళ్లు కారుతున్నయమ్మా. మంటనా? చెప్పు, మంటనా?"

"మంట గాదు, ఏం గాదు. మా అన్నకు ముందు పన్ను ఊడింది, నాకు చెప్పనే లేదు. ఎంత బక్కగైండో. జర ఏడ్వనియ్యవే నన్ను. బుగ్గ ఎయ్యి."