ఒర అందుకున్న కత్తి

ముందే చెప్తున్నాను... ఇది అల్లి చెప్పే కథ కాదు. దేవుళ్ల మీద ఒట్లు పెట్టే అలవాటు నాకు లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర నాకు కళ్లజోళ్ల షాపు ఉంది. కావాలంటే ఆ షాపు మీద ఒట్టు. పొద్దున లేస్తే ఊళ్లోవాళ్ల చూపు పరీక్షించేవాణ్ని, కాబట్టి నీకు చూపు ఆనలేదని మాత్రం అనకండి. అసలు ఆ సమయంలో చూడటానికి వెలుతురే లేదు. జరిగింది నా చేతికి తెలిసింది.

ఇంకో మాట. అది అర్ధరాత్రి కాదు, పాడుబడ్డ బంగళా కాదు. భవానీపురంలో మా ఫ్లాటు. హాల్లో సీరియల్ నడుస్తోంది. వంటింట్లో చారు పోపు వాసన.

నాకు పాత కత్తుల పిచ్చి ఉంది. కొట్లాటలంటే ఇష్టమని కాదు, రక్తం చూస్తే కళ్లు తిరిగే రకం నేను. కానీ గుర్రం పరుగునీ, మనిషి మణికట్టునీ మనసులో పెట్టుకుని ఇనుమును అంత అందంగా వంచిన కమ్మరి ఎవరో... ఆ ఆలోచన నన్ను వదలదు. మా ఆవిడ సుజాత మాత్రం, "వంటింట్లో టమాటా తెగే కత్తి లేదు గానీ బీరువా నిండా కత్తులే" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది.

వాటిలో నాకు ప్రాణం లాంటిది ఒక సేబర్. గుర్రపు రౌతులు వాడిన వంపు కత్తి. పదును ఎప్పుడో చచ్చిపోయింది. హైదరాబాదులో పాత సామాన్లు అమ్మే ఆయన దగ్గర దొరికింది, ఒర లేకుండా. ఆదివారం పూట దాన్ని తుడిచి నూనె రాసి, కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూసుకుంటే తప్ప నాకు ఆదివారం అయినట్టు ఉండేది కాదు. దానికి తగిన ఒర కోసం తిరగని చోటు లేదు.

మా షాపులో అద్దాలు సానపట్టి ఫ్రేముల్లో బిగించేది జానీ. వాళ్లది కంకిపాడు. వాళ్లమ్మగారికి శుక్లాల ఆపరేషన్ అయితే కొత్త కళ్లజోడు నేనే పట్టుకెళ్లాను. ఆవిడ పెట్టుకుని ఇల్లంతా కలయజూసి నవ్వింది. ఆవిడ చూపుతో పాటే నా చూపూ వెళ్లింది. తలుపు మూలన నిలబెట్టి ఉంది... ఒర. చెక్క ఒర. పైన నల్లబడ్డ తోలు. మూతికి ఇత్తడి పట్టీ. లోపల కత్తి లేదు.

"ఇదెక్కడిదమ్మా?" అన్నాను.

"మా అత్తగారి వాళ్ల పెద్దల నాటిది బాబూ. వాళ్లలో ఒకాయన గుర్రపు సిపాయి అంట. ఆయన తిరిగి రాలేదు. కత్తీ రాలేదు. గుర్రం ఒక్కటే ఇంటికొచ్చింది, జీనుకి ఈ ఒర వేలాడుతా ఉందంట. అప్పట్నించీ ఈ ఇంటికొచ్చిన కోడలు దీన్ని తుడవాలి. ఎప్పుడన్నా కత్తి వస్తే దుమ్ములో పెట్టకూడదుగా."

ఆ వంపు చూస్తుంటే నా మనసు ఆగలేదు. "అచ్చం ఈ వంపున్న కత్తి మా ఇంట్లో ఉందమ్మా" అనేశాను.

"అయితే మాదేనేమో బాబూ!"

ఇక్కడ ఒకటి చెప్పాలి. మాది కృష్ణా జిల్లా. మర్యాదకు నోరు ఆగదు మాకు. మన వస్తువు బాగుందని ఎదుటివాళ్లు అంటే చాలు, "దాందేముందండీ, మీదే అనుకోండి" అంటాం. వాళ్లు "అయ్యో, ఎంతమాట" అంటారు. ఎవరి వస్తువు వాళ్ల దగ్గరే ఉంటుంది, మర్యాదా జరిగిపోతుంది. ఆ అలవాటున నేనూ అనేశాను.

"దాందేముందమ్మా, ఇందులో ఇమిడితే మీదే అనుకోండి."

ఆవిడ "ఎంతమాట" అనలేదు. లేచి వెళ్లి, ఒరను కొంగుతో తుడిచి, నా రెండు చేతుల్లో పెట్టింది. "ఇవాళే పెట్టి చూడు బాబూ. రేపొచ్చి చెప్పు."

"అమ్మీ, అన్న ఏదో మాటవరసకి అన్నాడు" అని జానీ సిగ్గుతో నలిగిపోయాడు. ఆవిడ వినిపించుకోలేదు.

తిరిగి వస్తుంటే దారంతా గుండెల్లో రాయి. ఇన్నాళ్లూ ఒర దొరకాలని మొక్కుకున్నవాణ్ని... ఇది పట్టకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను.

ఇల్లు చేరేసరికి వాన పట్టుకుంది. చెక్క ఒరల సంగతి తెలిసినవాళ్లకు ఒక విషయం తెలుసు. వాన తేమకు చెక్క ఉబ్బుతుంది, ఒర బిగుస్తుంది. ఎండకు వదులవుతుంది. ఎప్పుడైనా అంతే.

పడకగదిలో నిలబడి కత్తి కొసను ఒర మూతిలో పెట్టాను. దిగింది. ఇంకా దిగింది... ఆగిపోయింది. సరిగ్గా జానెడు బయట. గట్టిగా నొక్కాను. ఊహూ. నాకెంత సంతోషం వేసిందో దాచుకోను. కత్తి నాదే!

కానీ కుదురు లేదు కదా మనకు. ఎందుకు ఆగిందో తెలియాలి. కత్తి తీసి, కొలత టేపు లోపలికి వదిలాను. అడుగుదాకా సాఫీగా వెళ్లింది. లోతు సరిపోయింది. టార్చి వేసి చూశాను. అడ్డం ఏమీ లేదు. మళ్లీ కత్తి పెట్టాను. మళ్లీ జానెడు.

సుజాత గుమ్మంలోకి వచ్చింది. "పట్టలేదా? ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారుగా. లోపల ఇంకోటుందేమో చూడండి" అని నవ్వి వెళ్లిపోయింది.

అప్పుడు... కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. టీవీ ఆగింది. కిటికీ రేకు మీద వాన... టప్... టప్... ఎడమచేతిలో ఒర. కుడిచేతిలో పిడి. జానెడు బయట. చీకట్లో ఇనుముతో ఆటలు ఎందుకని కదలకుండా నిలబడ్డాను. మళ్లీ చెప్తున్నాను. నేను కదల్లేదు.

కత్తి కదిలింది.

లాగేసుకోలేదు. అలా అయితే జడుసుకుని వదిలేసేవాణ్ని. మన చేతుల్లోంచి చంటిబిడ్డను ఎవరైనా అందుకుంటారు చూడండి... బరువు కొంచెం కొంచెంగా వాళ్లు తీసుకుంటూ... మన చెయ్యి ఎక్కడ తేలికపడిందో మనకే తెలియకుండా... అలా. మెల్లగా.

స్... ర్... ర్... ర్...

టక్.

పిడి ఇత్తడి పట్టీకి ఆనింది. కానీ భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఏమిటంటే... సిగ్గు. ఎవరిదో దారికి అడ్డంగా నిలబడ్డట్టు.

సుజాత ఫోన్ లైటుతో వచ్చింది. "పట్టిందిగా! మరి పట్టలేదని అంత హడావుడి చేశారేం?"

"నువ్వు చూశావా?" అన్నాను.

"కళ్లముందు ఉంటే చూడనా ఏంటి? రండి, చారు చల్లారిపోతోంది."

కరెంటు వచ్చాక కత్తి తీశాను. వెన్నలోంచి తీసినట్టు వచ్చింది. మళ్లీ పెట్టాను. జానెడు బయట ఆగింది. ఇంకోసారి. అంతే.

మర్నాడు ఎండ చెళ్లున కొట్టింది. రెండూ పట్టుకుని కంకిపాడు వెళ్లాను. జానీ, వాళ్లమ్మగారు చూస్తుండగా కత్తి పెట్టాను. ఆ ఎండకు ఒర వదులుగా ఉండాలి. లేదు. జానెడు.

ఆవిడ కొత్త కళ్లజోడు సర్దుకుని ఆ మిగిలిన జానెడు ఇనుమును చాలాసేపు చూసింది. "మాది కాదులే బాబూ. తీసుకుపో" అంది. జానీ నా వైపు చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. ఆదివారాలు గుర్తొచ్చాయి నాకు, కిటికీ వెలుతురు గుర్తొచ్చింది. ఆవిడ ఒరను మళ్లీ తలుపు మూలకు తీసుకెళ్తోంది. ఆ నడక చూసి ఉండబట్టలేకపోయాను.

"రాత్రి ఇమిడిందమ్మా."

ఆవిడ ఆగింది. "మర్యాదకు అంటున్నావా బాబూ, జరిగిందే చెప్తున్నావా?"

"జరిగిందే. నేను నొక్కలేదు."

"మెల్లగా వెళ్లిందా?"

"మెల్లగానే వెళ్లిందమ్మా."

ఇంకేమీ అడగలేదు. ఆవిడ నా చేతిలోంచి కత్తి తీసుకుని తలుపు మూలన ఒర పక్కన నిలబెట్టింది. నేను ఒట్టి చేతులతో వచ్చి కారులో కూర్చున్నాను. ఏడ్చాను. ఇనుప ముక్క కోసం ఏడుస్తారా అంటే, ఏడుస్తారు.

మా కత్తుల వాట్సాప్ గ్రూపులో చెబితే తలా ఒకటి అన్నారు. నూనె జారుడు అని ఒకరు. చీకట్లో నీ చెయ్యే నీకు తెలియకుండా సరైన వంపు పట్టిందని ఒకరు. అయ్యుండొచ్చు. మరి వానలో వెళ్లింది ఎండలో ఎందుకు వెళ్లలేదంటే వేరే కత్తుల ఫొటోలు పెట్టడం మొదలెట్టారు.

తర్వాత జానీ రెండు మూడుసార్లు అడిగాడు. "అన్నా, వాన పడ్డ రాత్రి ఒకసారి రమ్మంటోంది అమ్మీ. మీ చేత్తోనే మళ్లీ పెట్టి చూద్దామంటోంది." వస్తానులే అంటూ తప్పించుకు తిరిగాను. ఇమడకపోతే ప్రాణం లాంటి కత్తిని ఊరికే పోగొట్టుకున్నవాణ్ని అవుతాను. ఇమిడితే... అందుకునే ఆ చెయ్యి నా చేతికి మళ్లీ తెలుస్తుంది. రెండూ నావల్ల కాదు.

మొన్న మళ్లీ పెద్ద వాన. చీకటి పడుతూనే ఫోన్ మోగింది. జానీ నంబరు. ఇవాళ ఇక తప్పదనుకుని ఎత్తాను. జానీ కాదు, వాళ్లమ్మగారు. అవతల కూడా వాన చప్పుడు వినిపిస్తోంది.

"ఇక నువ్వు రానక్కర్లేదులే బాబూ. మెల్లగానే వెళ్లింది" అంది. పెట్టేసింది.

మర్నాడు షాపుకు జానీ ఎప్పటిలాగే వచ్చాడు, అద్దాలు సానపట్టుకుంటూ కూర్చున్నాడు. నేను నా కుడిచెయ్యి ఒకసారి చూసుకుని మొదటి బేరానికి లేచాను.